నలుగురూ ఏమనుకుంటారో: కోవిడ్ జాడల వెంట జపాన్

2020లో కోవిడ్ ముంచుకొచ్చినప్పుడు, ఇల్లు దాటి వచ్చిన మనిషిని ఆపే అధికారం జపాన్ పోలీసులకు లేదు. జరిమానా రాసే వీలూ లేదు. యుద్ధకాలంలో ప్రభుత్వం చేతిలో పౌరులు పడ్డ అవస్థలు గుర్తున్న దేశం అది. అత్యవసర అధికారాల ఊసెత్తితేనే అక్కడ జనం అనుమానంగా చూస్తారు. అంటువ్యాధుల కోసం 2012లో చేసిన ప్రత్యేక చట్టాన్ని 2020 మార్చిలో కోవిడ్‌కు వర్తింపజేసినా, దాని వల్ల ప్రభుత్వానికి దక్కింది దాదాపుగా జనాన్ని అభ్యర్థించే హక్కే. అయినా వీధులు ఖాళీ అయ్యాయి. దుకాణాలు తలుపులు వేసుకున్నాయి. జనాభాలో పాతిక శాతానికి పైగా 65 ఏళ్లు దాటినవాళ్లున్న ఆ దేశంలో, 2020లో అన్ని కారణాలతో కలిపి చనిపోయినవారి సంఖ్య అంతకు ముందు ఏడాది కంటే ఎనిమిది వేలకు పైగా తగ్గింది.

ఇదెలా సాధ్యమైందంటే 'వాళ్ల సంస్కృతి అలాంటిది' అనే జవాబు తేలిగ్గా దొరుకుతుంది. ఆ సంస్కృతి ఎక్కడ పుట్టింది, ఎవరిని కాపాడింది, ఎవరిని నొప్పించింది అన్నవి మాత్రం అంత తేలిగ్గా తేలవు. యోకొహామా రేవు దగ్గర మొదలుపెట్టి ఈశాన్యాన మొరియోకా దాకా, అక్కణ్నుంచి పడమటికి మళ్లి నారా, క్యోటోల మీదుగా క్యుషూ దీవి దాకా సాగే రైలు దారిలో వాటి ఆనవాళ్లు ఒక్కొక్కటే కనిపిస్తాయి.

యోకొహామా: రేవులో ఆగిన ఓడ

టోక్యో నుంచి దక్షిణానికి రైల్లో అరగంట వెళితే యోకొహామా వస్తుంది. అక్కడి ఒసాన్‌బషి రేవులో ప్రయాణికుల టెర్మినల్ పైకప్పే ఒక విహారస్థలం. చెక్క పలకలు పరిచిన ఆ వాలు మీద సాయంత్రం పూట జనం తీరిగ్గా నడుస్తుంటారు. దూరంగా బే బ్రిడ్జి, దాని అవతలి కొసన దైకొకు రేవు. 2020 ఫిబ్రవరిలో 'డైమండ్ ప్రిన్సెస్' ఓడ నిలిచింది ఆ రేవులోనే.

ఆ ఓడలో ప్రయాణించి హాంకాంగ్‌లో దిగిపోయిన ఒకరికి వైరస్ సోకినట్టు తేలడంతో, ఫిబ్రవరి 3న యోకొహామా చేరిన ఓడను క్వారంటైన్‌లో పెట్టారు. ఓడలో ఉన్నది 3,711 మంది. ప్రయాణికులు ఎక్కువసేపు గదుల్లోనే ఉండిపోయారు. వాళ్ల గుమ్మాల ముందుకు పళ్లాలు చేరవేసే సిబ్బంది మాత్రం ఇరుకు గదులు పంచుకుంటూ పని చేస్తూనే ఉన్నారు. చివరికి 712 మందికి వ్యాధి సోకింది. ఓడలోని 138 మంది భారతీయుల్లో 132 మంది సిబ్బందే. ఫిబ్రవరి 27న ఎయిరిండియా ప్రత్యేక విమానం 119 మంది భారతీయులను ఢిల్లీకి చేర్చింది. నియమం అందరికీ ఒకటే అయినా, దాన్ని పాటించే వెసులుబాటు అందరికీ ఉండదని ఆ ఓడ ముందే చూపించింది.

ఆ నెలల్లోనే తొలి కేసులను జల్లెడ పట్టిన తొహొకు విశ్వవిద్యాలయ వైరస్ నిపుణుడు హితోషి ఒషితాని, ఆయన సహచరులు ఒక సంగతి పసిగట్టారు. సోకినవాళ్లలో ఎక్కువమంది ఇంకెవరికీ అంటించడం లేదు. కొద్దిమంది మాత్రం ఒక్కసారే చాలామందికి అంటిస్తున్నారు, అదీ ఎక్కువగా తలుపులు మూసిన గదుల్లో. దాంతో గాలాడని చోటు, జనం కిక్కిరిసిన చోటు, మొహంలో మొహం పెట్టి మాట్లాడుకునే చోటు అనే మూడింటికీ దూరంగా ఉండమని ప్రభుత్వం ప్రచారం మొదలుపెట్టింది. 'సన్‌మిత్సు' అన్న ఆ మాట పిల్లల నోట కూడా పడి, ఆ ఏటి మేటి మాటగా ఎంపికైంది.

వైరస్ ఎక్కడ అంటిందో వెనక్కి తవ్వుకుంటూ వెళ్లే పని ప్రజారోగ్య కేంద్రాల నర్సులది. క్షయతో దశాబ్దాల పాటు పోరాడిన కాలంలో ఈ కేంద్రాలు బలపడ్డాయి. రోగి ఇంటికి వెళ్లి, ఓపిగ్గా కూర్చుని, ఎవరెవరిని కలిశారో ఒక్కొక్కటే రాబట్టడం వాళ్లకు చేయి తిరిగిన పని. కానీ 1992లో 852గా ఉన్న ఆ కేంద్రాలు పొదుపు పేరుతో తగ్గుతూ 2020 నాటికి 469 అయ్యాయి. మొదటి నెలల్లో ఆసుపత్రులు చేతిరాత ఫారాలను ఫ్యాక్సులో పంపితే, వాటిని మళ్లీ కంప్యూటర్లలోకి ఎక్కించుకుంటూ రాత్రిళ్లు గడిపినవాళ్లు ఆ నర్సులూ గుమస్తాలే.

టోక్యో: మాట్లాడని రైలు

టోక్యో నడిబొడ్డును చుట్టివచ్చే యమనోతె లైను రైల్లో పొద్దున పూట కాలు పెట్టడానికి చోటుండదు. అంత మంది ఉన్నా పెద్దగా మాట వినిపించదు. ఫోన్ మోగనివ్వకూడదు, రైల్లో ఫోన్ మాట్లాడకూడదు. ఎదురుపడితే చేతులు కలపరు, నడుము వంచుతారు. గడపలోనే చెప్పులు విడుస్తారు. హోటల్లో కూర్చోగానే చేతులు తుడుచుకోవడానికి తడి తువ్వాలు ఇస్తారు. వైరస్ వచ్చే నాటికే ఇవన్నీ ఉన్నాయి. ఎవరూ కొత్తగా నేర్పనక్కర లేకపోయింది.

మాస్కు కథ కొంచెం వేరు. అది తాతలనాటి ఆచారం కాదు, ఒక మహమ్మారి వదిలి వెళ్లిన అలవాటు. 1918 నుంచి మూడేళ్లలో ఇన్‌ఫ్లుయెంజా జపాన్‌లో సుమారు 3 లక్షల 90 వేల మందిని బలి తీసుకుంది. అప్పటి హోంశాఖ ఊరూరా రంగుల పోస్టర్లు అంటించింది. వాటిలో ఒకదాని మీద ట్రామ్‌లో మాస్కు లేని ప్రయాణికుడు, అతని వైపు తేలి వస్తున్న క్రిములు ఉంటాయి. మాస్కు కట్టుకోండి, గొంతు పుక్కిలించండి అన్నది ఆ ప్రచారం సారం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొండల నిండా కలప కోసం సుగీ దేవదారు మొక్కలు నాటారు. అవి పెరిగి పెద్దయ్యాక ప్రతి వసంతంలోనూ పుప్పొడి రాలి లక్షల మందికి తుమ్ములు, కళ్ల మంటలు పట్టుకున్నాయి. మాస్కు మళ్లీ ఇంటింటికీ చేరింది. జలుబు చేసినవాడు పక్కవాడికి అంటకుండా కట్టుకోవడం మర్యాదగా స్థిరపడింది. 2020లో ప్రధాని షింజో అబే ఇంటికి రెండు బట్ట మాస్కులు పంపిస్తామంటే జనం నవ్వుకున్నారు గానీ, మాస్కు ఎందుకని మాత్రం దాదాపు ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ 7న టోక్యో, ఒసాకాలతో సహా ఏడు ప్రిఫెక్చర్లలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అవి మన రాష్ట్రాల వంటి పాలనా ప్రాంతాలు. 16న దాన్ని దేశమంతటికీ విస్తరించారు. పదిమందిని కలిసేచోట ఇద్దరినే కలవండి అని ప్రభుత్వం కోరింది. జనం చాలావరకు మాట విన్నారు. అయితే ఆ వినడం వెనుక ఉన్నది ప్రభుత్వం మీద భయభక్తులు కావు, పక్కింటివాళ్ల చూపు. తెరిచి ఉన్న బార్ల తలుపులకు 'మూసేయండి' అని రాసిన కాగితాలు రాత్రికి రాత్రి అంటుకునేవి, కింద పేరుండేది కాదు. ఒసాకాలో మూసివేతకు ఒప్పుకోని పచింకో జూదశాలల పేర్లను స్థానిక ప్రభుత్వమే ప్రకటించింది. చట్టం వేయలేని శిక్షను నలుగురి నోళ్లకు అప్పగించిందన్నమాట.

పద్ధతి తప్పకూడదన్న పట్టుదల ఒక్కోసారి ఎదురు తిరిగింది. అప్పట్లో జపాన్ కార్యాలయాల్లో కాగితం మీద సంతకం చాలేది కాదు, 'హన్‌కో' ముద్ర పడాల్సి వచ్చేది. ఇంటి నుంచే పని చేయమని ప్రభుత్వం మొత్తుకుంటున్న రోజుల్లో, ఒక్క ముద్ర వేయడానికి రైలెక్కి ఆఫీసుకు వెళ్లి వచ్చిన ఉద్యోగులు ఎందరో. ఆ ఏడాది శరదృతువులో మంత్రి తారో కోనో పట్టుబట్టి ప్రభుత్వ పనుల్లో చాలావాటికి ముద్ర అవసరం లేకుండా చేశారు. దశాబ్దాలుగా కదలని ఆచారాన్ని మహమ్మారి కొన్ని నెలల్లో కదిలించింది.

మార్చి 29న హాస్యనటుడు కెన్ షిమురా కోవిడ్‌తో చనిపోయారు. జపాన్‌లో దహనం తర్వాత బంధువులు పొడవాటి పుల్లలతో అస్థికలను ఏరి కలశంలో ఉంచుతారు, అంత్యక్రియల్లో అదే ముఖ్యమైన ఘట్టం. షిమురా అన్నగారికి తమ్ముడి ముఖం చూసే వీలు కూడా దొరకలేదు. తెల్లని గుడ్డ చుట్టిన కలశాన్ని పట్టుకుని ఆయన ఇంటి ముందు విలేకరుల ఎదుట నిలబడ్డ దృశ్యం దేశమంతా టీవీలో చూసింది. ఇంట్లో మనిషికి ఆఖరి మర్యాద కూడా చేయలేమన్న భయం, ఏ ప్రకటనా చేరనంత దూరం చేరింది.

ఏడాది వాయిదా పడిన ఒలింపిక్స్ 2021 జులై 23న మొదలయ్యే నాటికి టోక్యోలో నాలుగో అత్యవసర పరిస్థితి నడుస్తోంది. నగరానికి పడమర ఉన్న ముసాషినో ఫారెస్ట్ స్పోర్ట్ ప్లాజాలో ఆగస్టు 1న పి.వి. సింధు 21-13, 21-15 తేడాతో హె బింగ్‌జియావోను ఓడించి కాంస్యం గెలిచినప్పుడు గ్యాలరీల్లో ప్రేక్షకులు లేరు. అదే నెలలో టోక్యోలో రోజువారీ కేసులు ఐదు వేలు దాటాయి. ఆసుపత్రుల్లో మంచం దొరక్క ఇళ్లలోనే ప్రాణాలు వదిలినవాళ్లున్నారు. మమ్మల్ని ఇళ్లలో ఉండమని చెప్పి క్రీడలు జరపడమేమిటని జనం అడిగారు. కోరికతో నడిచే వ్యవస్థకు కోరేవాడి మీద నమ్మకమే మూలధనం. ఆ వేసవిలో అది కరిగిపోవడం మొదలైంది.

మొరియోకా: మొదటి కేసు

టోక్యో నుంచి ఈశాన్యానికి షింకన్‌సెన్ రైల్లో రెండు గంటల పైచిలుకు ప్రయాణం మొరియోకా. చుట్టూ కొండలు, ఊరి మధ్య నది, చల్లటి నూడుల్స్‌కు పేరున్న ఊరు. ఇది ఇవతే ప్రిఫెక్చర్ రాజధాని. దేశమంతా కేసులు వచ్చినా 2020 జులై 29 దాకా ఇవతేలో ఒక్కటీ నమోదు కాలేదు. రోజులు గడిచేకొద్దీ ఆ సున్నా ఒక బరువైంది. ఊళ్లోకి వైరస్ తెచ్చిన మొదటి మనిషి తాను కాకూడదన్న భయం ఇంటింటా చేరింది. మొదట సోకినవారిని తప్పు పట్టబోమని గవర్నర్ తకుయా తస్సో ముందే చెప్పవలసి వచ్చింది. అయినా తొలి కేసు బయటపడగానే ఆ వ్యక్తి పనిచేసే సంస్థకు నిలదీస్తూ, తిట్టిపోస్తూ ఫోన్లు వచ్చాయి.

ఇవతే ఒక్కటే కాదు. పరాయి ప్రాంతపు నంబరు ప్లేటున్న కార్లను గీసిన ఘటనలు పలుచోట్ల జరిగాయి. ఉద్యోగరీత్యా మకాం మార్చినవాళ్లు 'ఇక్కడివాళ్లమే' అని కారుకు అంటించుకుని తిరిగారు. డైమండ్ ప్రిన్సెస్ ఓడలో సేవ చేసి వచ్చిన వైద్య సిబ్బందిని తోటివాళ్లే క్రిముల్లా చూస్తున్నారనీ, వాళ్ల పిల్లలను శిశు సంరక్షణ కేంద్రాలకు పంపవద్దంటున్నారనీ విపత్తు వైద్యుల సంఘం 2020 ఫిబ్రవరిలోనే బహిరంగంగా ఆవేదన చెందింది. దీనికి విరుగుడు కూడా అదే సమాజంలోంచి వచ్చింది. బత్తాయి, నారింజ తోటలకు పేరుపడిన ఎహిమే ప్రిఫెక్చర్‌లో కొందరు పౌరులు మూడు వలయాల రిబ్బను ఉద్యమం మొదలుపెట్టారు. ఊరు, ఇల్లు, పనిచేసే చోటు అనే మూడూ కోలుకుని వచ్చినవారిని ఆదరించాలన్నది దాని సందేశం.

నారా, క్యోటో: పాత మహమ్మారుల ఊళ్లు

నారాలోని తొదాయ్‌జీ ఆలయంలో సుమారు పదిహేను మీటర్ల కంచు బుద్ధుడి ముందు నిలబడితే మెడ వెనక్కి వాల్చాల్సిందే. ఈ విగ్రహం వెనుక ఒక మశూచి ఉంది. 735లో క్యుషూలో బయటపడిన ఆ వ్యాధి రెండేళ్లలో అప్పటి రాజధాని నారాను తాకి, పాలన నడిపిస్తున్న ఫుజివారా అన్నదమ్ములు నలుగురినీ 737లో తీసుకుపోయింది. జనాభాలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా పోయి ఉంటుందని చరిత్రకారుల అంచనా. షోము చక్రవర్తి ఆ కీడును పాలకుడిగా తన లోపంగా భావించాడు. 743లో ఈ విగ్రహం తలపెట్టినప్పుడు, గుప్పెడు మట్టి తెచ్చిచ్చేవాడినైనా కలుపుకోవాలని ఆదేశించాడు. 752లో బుద్ధుడికి కన్ను దిద్దినవాడు భారతీయ భిక్షువు బోధిసేనుడు. ఆయన పట్టిన కుంచెకు కట్టిన పొడవైన దారాన్ని చక్రవర్తితో పాటు సభికులు కూడా పట్టుకున్నారట. ఆ కుంచె, ఆ దారం నారాలోని షోసోయిన్ భాండాగారంలో నేటికీ ఉన్నాయి. వ్యాధి అందరిది, దాన్ని ఎదుర్కొనే పని కూడా అందరిదే అన్న భావనకు జపాన్‌లో ఇంత పాత సాక్ష్యం ఉంది.

క్యోటోలో ప్రతి జులైలో జరిగే గియోన్ ఉత్సవం పుట్టింది కూడా వ్యాధి వల్లే. 869లో అంటురోగాలు ప్రబలినప్పుడు దేశంలోని 66 ప్రాంతాల పేరిట 66 ఈటెలు నిలబెట్టి శాంతి చేశారు. యసాకా క్షేత్రంలో అప్పట్లో కొలిచిన గొజు తెన్నో రోగాన్ని పంపే దేవుడు, రోగాన్ని ఆపే దేవుడు కూడా. మన ఊళ్లలో అమ్మవారి లాగే అన్నమాట. 1813 నాటి మహమ్మారితో ముడిపడిన సికింద్రాబాద్ బోనాల కథ తెలిసినవారికి ఈ ఉత్సవం పరాయిదనిపించదు. ఉత్సవంలో 'చిమకి' అనే రక్ష అమ్ముతారు. వెదురు ఆకులతో చుట్టిన చిన్న కట్ట అది. దాన్ని ఏడాది పొడవునా గుమ్మానికి వేలాడదీస్తారు. ఆ ఇంటివాళ్లు సోమిన్ షోరాయ్ సంతతి అని దాని మీది అక్షరాలు చెబుతాయి. దారి తప్పి వచ్చిన అపరిచితుడికి చోటిచ్చిన పేదవాడు సోమిన్. ఆ అతిథి దేవుడై, నీ వంశాన్ని రోగం ముట్టదని మాటిచ్చాడని కథ. అపరిచితుడికి తలుపు తీసినవాడే బతికాడని చెప్పే రక్షను గుమ్మాన కట్టుకున్న దేశంలోనే, 2020లో పరాయి ఊరి కార్ల మీద గీతలు పడ్డాయి.

2020లో, 2021లో గియోన్ రథాల ఊరేగింపు జరగలేదు. 2021లో మాత్రం కొన్ని రథాలను వీధుల్లో బిగించి విప్పారు. మేకు కొట్టకుండా తాళ్లతోనే కట్టే ఆ విద్య చేతులు మర్చిపోకూడదన్నది వాళ్ల ఆలోచన. 2022లో ఊరేగింపు మళ్లీ కదిలింది. ఆలయాల ముంగిట చేతులు కడుక్కునే తొట్టెల దగ్గర కూడా మార్పు వచ్చింది. అందరూ ముట్టుకునే గరిటెలు తీసేసి, చాలాచోట్ల ఆ నీళ్లలో పూలు పరిచారు. శుద్ధి కోసం పెట్టిన ఆచారం శుద్ధి కోసమే రూపు మార్చుకుంది.

క్యుషూ: బొమ్మ, గోడ

షింకన్‌సెన్ పడమటికి సాగి ఫుకువోకాలో ఆగుతుంది. 2021 జనవరిలో ఈ ఊళ్లోని ఒక కర్రీ హోటల్ యజమాని, మాట్లాడుకోకుండా తినండి అని ఒక పోస్టరు పెట్టాడు. నగరపాలక సంస్థ దాన్ని ఎత్తుకుంది, దేశమంతా పాకింది. బడుల్లో పిల్లలు ఎదురెదురుగా కూర్చోవడం మానేసి, అందరూ నల్లబల్ల వైపు తిరిగి మౌనంగా భోజనం చేశారు. 2022 నవంబరులో విద్యాశాఖ సడలింపు ఇచ్చేదాకా చాలాచోట్ల అదే రివాజు.

అక్కణ్నుంచి దక్షిణాన కుమమోతో. పూర్వం దీని పేరు హిగో. 1846లో ఇక్కడి సముద్రంలోంచి పొడవాటి జుట్టు, పక్షి ముక్కు, ఒంటి నిండా పొలుసులు ఉన్న ఒక వింత జీవి పైకి వచ్చిందని ఆనాటి అచ్చుకాగితం చెబుతుంది. ఆరేళ్లు పంటలు బాగా పండుతాయి, రోగాలూ వస్తాయి, నా బొమ్మ గీసి జనానికి చూపించండి అని చెప్పి మునిగిపోయిందట. ఆ జీవి పేరు అమబియే. 2020 వసంతంలో చిత్రకారులు, పిల్లలు, మిఠాయి దుకాణాలవాళ్లు దాన్ని గీసి ఇంటర్నెట్‌లో పంచుకున్నారు. ఆరోగ్యశాఖ కూడా వ్యాప్తిని ఆపుదామన్న తన పోస్టరుపై అదే బొమ్మ వేసింది.

అదే కుమమోతోలో మరో జ్ఞాపకం ఉంది. నగరానికి దగ్గర్లోని కికుచి కెయిఫుఎన్ దేశంలోకెల్లా పెద్ద జాతీయ కుష్ఠురోగుల ఆశ్రమం. 1909లో మొదలైంది. 1930ల్లో మా ప్రాంతంలో కుష్ఠురోగి ఒక్కరూ లేరని చెప్పుకోవడానికి ప్రిఫెక్చర్లు పోటీ పడ్డాయి. ఇరుగుపొరుగువాళ్లే ఆనవాలు చెబితే, రోగులను ఇళ్లలోంచి తీసుకొచ్చి ఇలాంటి చోట్ల ఉంచారు. వ్యాధికి మందు వచ్చాక కూడా నిర్బంధ చట్టం 1996 దాకా కొనసాగింది. 2001లో కుమమోతో జిల్లా కోర్టు ప్రభుత్వానిదే తప్పని తీర్పు చెప్పింది, ప్రభుత్వం క్షమాపణ కోరింది. నేడు ఆ ఆవరణలోని మ్యూజియంలో ఆ చరిత్ర చూడవచ్చు. మొరియోకా సున్నాకు మూలాలు ఇక్కడ దొరుకుతాయి. రోగం లేకపోవడాన్ని ఊరి పరువుగా లెక్కగడితే, రోగి ఊరికి మచ్చ అవుతాడు. 2021 ఫిబ్రవరిలో కోవిడ్ చట్టాన్ని సవరించి, మూసివేత ఆదేశం మీరిన వ్యాపారాలకు జరిమానా పెట్టినప్పుడే, సోకినవారి పట్ల వివక్షను నివారించాలన్న నిబంధనను కూడా చేర్చారు.

నాగసాకి: తలుపు, టీకా

నాగసాకిలోని దెజిమా ఒకప్పుడు విసనకర్ర ఆకారపు కృత్రిమ దీవి. రెండు వందల ఏళ్లకు పైగా యూరప్ వర్తకులకు జపాన్‌లో తెరిచి ఉంచిన తలుపు ఇదొక్కటే. చుట్టూ సముద్రాన్ని పూడ్చేసినా పాత గోదాములను తిరిగి కట్టారు. 1849లో మశూచి టీకా ఈ దెజిమా ద్వారానే జపాన్‌లో నిలదొక్కుకుంది. 1858లో కలరా దిగింది కూడా నాగసాకిలోనే. బయటి నుంచి మందూ వస్తుంది, రోగమూ వస్తుంది.

కోవిడ్ కాలంలో జపాన్ ఈ తలుపును గట్టిగానే మూసింది. 2020లో కొన్ని నెలల పాటు, జపాన్‌లో ఉద్యోగం, ఇల్లు, పన్ను చెల్లింపు అన్నీ ఉన్న విదేశీయులు కూడా ఊరికి వెళితే తిరిగి రాలేకపోయారు. జపాన్ పౌరులు రాగలిగారు. భారతీయులతో సహా సీటు వచ్చిన ఎందరో విద్యార్థులు సొంత ఊళ్లలోనే రాత్రిళ్లు ఆన్‌లైన్ పాఠాలు విన్నారు. పర్యాటకులు విడిగా రావడానికి 2022 అక్టోబరు 11న గానీ అనుమతి రాలేదు. వైరస్‌కు పాస్‌పోర్టు తేడా తెలియదు. ఆ నియమం చేసినవాళ్లకు తెలుసు.

టీకా విషయంలో కథ అటుదిటైంది. పాత టీకాల దుష్ఫలితాల వివాదాల వల్ల టీకాలపై నమ్మకం బాగా తక్కువున్న దేశాల్లో జపాన్ ఒకటి. మొదటి సూది 2021 ఫిబ్రవరి 17న పడింది, చాలా సంపన్న దేశాల కంటే ఆలస్యంగా. ఎవరినీ బలవంతపెట్టలేదు. అయినా ఆ ఏడాది ముగిసేసరికి జనాభాలో దాదాపు 80 శాతం మంది రెండు డోసులూ వేయించుకున్నారు. సంస్కృతి పేరు చెప్పి ముందే రాసిపెట్టిన జోస్యం ఇక్కడ తప్పింది.

లెక్క చివరికి ఇలా తేలింది. 2023 మే 8న కోవిడ్‌ను మామూలు ఫ్లూ వర్గంలోకి మార్చే నాటికి జపాన్‌లో కోవిడ్ మరణాలు సుమారు 75 వేలు. జనాభాలో దానికి మూడు రెట్లు లేని అమెరికాలో అవి 11 లక్షలు దాటాయి. జపాన్ మరణాల్లో ఎక్కువ భాగం 2022 మొదలయ్యాక, టీకాలు అందాక సంభవించినవి. అంటే జనం పాటించిన సంయమనం ప్రధానంగా చేసింది టీకా వచ్చేదాకా సమయం కొనడం. ఆ సంయమనానికి ధర కూడా ఉంది. 2020లో ఆత్మహత్యలు పదకొండేళ్లలో మొదటిసారి పెరిగి 21,081కి చేరాయి, మహిళల్లో పెరుగుదల సుమారు 15 శాతం. 2021 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఒంటరితనం సమస్యకు ప్రత్యేకంగా ఒక మంత్రిని నియమించింది. మా ప్రజల స్థాయి వేరు అని 2020 జూన్‌లో అప్పటి ఆర్థికమంత్రి తారో అసో గొప్పగా చెప్పుకున్నారు. ఈ దారి వెంట కనిపించేవి ఆ మాటను బలపరచవు. మాస్కు 1918 నేర్పింది, రోగి జాడ తీయడం క్షయ నేర్పింది, రోగిని వెలివేయడం కుష్ఠు చట్టాలు నేర్పాయి. మనిషిని నలుగురి చూపుతో అదుపు చేసే సమాజం వ్యాధిని కొంతవరకు ఆపగలదు; ఆ చూపు రోగి మీద పడినప్పుడు అడ్డుకునే చట్టమూ సానుభూతీ ముందుగానే సిద్ధం చేసుకోకపోతే, కోలుకున్నవాడికి ఊళ్లో చోటు మిగలదు.